సంతకం ఎవరిది, వంతు ఎవరిది?

ప్రశ్న: మా అన్నకు 41 ఏళ్లు, స్కిజోఫ్రీనియా. మాత్రలు వద్దంటాడు. ఆర్నెల్లుగా పొడి చేసి సంగటిలో కలిపి పెడతా ఉన్నాం. ఇప్పుడు ముద్దను వేళ్లతో విడదీసి చూసి, పళ్లెం పక్కకు నెట్టేస్తున్నాడు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో "ఇంట్లోవాళ్లు సంతకం పెడితే చాలు, చేర్చుకుంటాం" అన్నారు. పెట్టొచ్చా? ఇంకోటి, చూసుకునేది ఏడుగురం. రోజుకు ముగ్గురు, పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు, రాత్రికి ఒకరు. వంతుల దగ్గర రోజూ గొడవే, "నిన్న ఏం జరిగిందో నాకెవరూ చెప్పలేదు" అని ఇంకో గొడవ.
- ఒక చెల్లెలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: అమ్మా, ముందు ఆ సంగటి సంగతి. మీరు ప్రేమతోనే కలిపారు, తెలుసు. కానీ ఆయనకిప్పుడు మందు మీదే కాదు, మీ చేతి ముద్ద మీద కూడా నమ్మకం పోయింది, అనుమానమే జబ్బుగా ఉన్న మనిషికి అది మామూలు దెబ్బ కాదు. ఇవాళే డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. ఆర్నెల్లుగా ఎంత మందు లోపలికి పోయిందో, ఎప్పట్నుంచి పోవడం లేదో తెలియకుండా ఆయన కొత్తది రాస్తే ప్రమాదం. తర్వాత అన్ననే అడగండి, ఎందుకొద్దు అని. చేతులు వణుకుతున్నాయనో, పగలంతా మత్తుగా ఉంటోందనో, ఒళ్లు వచ్చేస్తోందనో చెబితే వాటికి దారులున్నాయి. మందు మార్చొచ్చు, డోసు తగ్గించొచ్చు, నెలకోసారి వేసే ఇంజెక్షన్లూ ఉన్నాయి, అవి కూడా ఆయన సరేనంటేనే.

ఇక సంతకం. "ఇంట్లోవాళ్లు పెడితే చాలు" అన్నది తప్పు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే నుంచి అమల్లో ఉంది. జబ్బు ఉన్నా సరే, చికిత్స గురించి నిర్ణయించుకునే శక్తి మనిషికి ఉన్నట్టే లెక్క అన్నది అందులో మొదటి మాట. ఆయన నిర్ణయం మనకు తప్పుగా కనిపించినంత మాత్రాన ఆ శక్తి లేదనడానికి వీల్లేదని కూడా రాసి ఉంది, ఈ ఒక్క వాక్యం ఆ ఆసుపత్రివాళ్లకు చదివి వినిపించండి. మామూలు రోగాలకూ ఇంతే. ఆపరేషన్ మత్తులో ఉన్న పేషెంటు బదులు తల్లి ఒప్పుకుంటే చాలదని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అక్కడ ప్రాణం మీదికేమీ రాలేదు, ఆ పేషెంటు లేచేదాకా ఆగొచ్చు కాబట్టి.

మరి ఆయన తనకో, మీకో హాని చేసుకునే స్థితికి వస్తే? లేదా తిండీ నీళ్లూ మానేసి ప్రాణం మీదికి తెచ్చుకుంటే? అప్పుడు ఆయన నామినేటెడ్ రిప్రజెంటేటివ్, అంటే తన తరఫున మాట్లాడమని ఆయన ఎంచుకున్న మనిషి, ఇచ్చిన అర్జీ మీద చేర్చుకోవచ్చు. అయితే ఇద్దరు నిపుణులు విడివిడిగా ఆయన్ను చూడాలి, వాళ్లలో ఒకరు సైకియాట్రిస్టు. మొదటి గడువు 30 రోజులే, ఆ లోపల కూడా ఏడు రోజులకోసారి ఆయన సొంతంగా నిర్ణయించుకోగలడా అని మళ్లీ చూడాలి. ఆ రిప్రజెంటేటివ్ ఎవరో మీ అన్న తెల్ల కాగితం మీద రాసి సంతకం పెడితే చాలు. స్టాంపు పేపరక్కర్లేదు. నెమ్మదిగా ఉన్న రోజు చూసి రాయించండి, మీ పేరే రాయాలని పట్టుపట్టొద్దు. మీ ఊళ్లోని రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. అర్ధరాత్రి టెన్షన్ పుడితే 14416కి ఫోన్ చేయండి, అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, డబ్బులేమీ పడవు.

వంతుల విషయానికి లెక్కల్లో చక్కటి జవాబుంది. ఏడుగురికీ 1 నుంచి 7 దాకా నంబర్లివ్వండి. సోమవారం పొద్దున 1, మధ్యాహ్నం 2, రాత్రి 4. మర్నాడు ఒక్కో అంకె పెంచండి: 2, 3, 5. తర్వాత 3, 4, 6. అలాగే పోతే ఆదివారం 7, 1, 3 వస్తుంది (7 దాటితే మళ్లీ 1). కాగితం మీద వేసి చూడండి. ప్రతి ఒక్కరికీ వారంలో ఒక పొద్దున, ఒక మధ్యాహ్నం, ఒకే ఒక్క రాత్రి. రాత్రి మేలుకున్నవాళ్లకు మర్నాడు పూర్తిగా సెలవు. అసలు అందం ఇంకోటుంది, ఏ ఇద్దర్ని తీసుకున్నా వారంలో సరిగ్గా ఒక్కసారి ఒకే రోజు వంతులో పడతారు. ఏడుగురిలో జతలు 21, రోజుకు ముగ్గురంటే 3 జతలు, ఏడు రోజులకు 21. ఒక్కటీ మిగలదు, ఒక్కటీ రెండోసారి రాదు. కాబట్టి ఆ రోజు ముగ్గురూ రాత్రి వంతు మారేటప్పుడు పది నిమిషాలు కూర్చుంటే, వారం తిరిగేసరికి అందరి మాటా అందరికీ అందుతుంది. కూర్చునేది అన్న ఎదుటే, ఆయన వెనకాల కాదు.

ఇలా జతలు సరిపోయే ముగ్గురేసి అమరికలు ఎంతమందికి కుదురుతాయో 1847లోనే కర్క్‌మన్ అనే ఇంగ్లండు చర్చి ఫాదరు తేల్చాడు. ఆరుగురికి కుదరదు, ఎనిమిది మందికీ కుదరదు. అందుకని ఎవరైనా విసుగెత్తి తప్పుకుంటానంటే బతిమాలైనా ఆపుకోండి.

ఏ నంబరు ఎవరికి అన్నది 5040 రకాలుగా ఇవ్వొచ్చు. అందులో ఏది కావాలో మీలో మీరు కొట్లాడుకోకుండా అన్ననే అడగండి, రాత్రిపూట ఎవరు పక్కనుంటే ఆయనకు నిద్ర పడుతుందో ఆయనకే తెలుసు.