ప్రాపర్టీ షో నెత్తినేసుకున్న మేనకోడలికి

చి.సౌ. మేనకోడలికి, మావయ్య ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. బిల్డర్ల సంఘం ఈసారి విజయవాడ ప్రాపర్టీ షోకి నిన్ను కన్వీనర్‌ని చేసిందట. మొదటి రోజు సభలో వచ్చే ఏడాది నిర్మాణ రంగం ఎలా ఉంటుందో నివేదిక చదివేది కూడా నువ్వేనట. మన ఇంటి పిల్ల ఆ వేదిక ఎక్కుతోందంటే గర్వంగానే ఉంది, కాదనను. కానీ నిద్ర పట్టలేదు. స్టాళ్లంటావా, డబ్బు కడితే లేస్తాయి. నా బెంగంతా ఆ నివేదిక మీదే.

ముందు తేలికవి చెప్పేస్తాను. తేదీ పెట్టేటప్పుడు ఆషాఢం, మహాలయ పక్షం, పుష్యం, మూఢం వదిలెయ్. జనం వస్తారు, చూస్తారు, అడ్వాన్సు మాత్రం ఇవ్వరు. జీతాలు పడ్డ మొదటి వారంలో శుక్ర, శని, ఆదివారాలు ఖాయం చెయ్. సంక్రాంతికి అమెరికా వాళ్లు దిగుతారు కాబట్టి అప్పుడే పెడదామని ఎవరో ఒకరు పట్టుబడతారు. వాళ్లు చూసిపోతారు, ఇంట్లో పెద్దవాళ్లు మాఘం రానీ అంటారు. ఎన్నారైలు వస్తే ఒక్క విషయం గుర్తుంచుకో: ఫెమా, అంటే విదేశీ మారక చట్టం ప్రకారం వాళ్లు వ్యవసాయ భూమి, తోట, ఫాంహౌస్ కొనడానికి లేదు. ఫాం ప్లాట్ల స్టాలు వాడు ఆ ముక్క దాచి వాళ్లకి అంటగడితే చెడ్డపేరు సంఘానికి.

స్టాలు 3 మీటర్లకు 3 మీటర్లు. నడవ 3 మీటర్లకు తగ్గనివ్వకు. ఒక్కో స్టాలుకి కిలోవాట్ లెక్కన 60 స్టాళ్లకి 60, వేదిక, లైట్లకి ఇంకో 15 వేసుకుంటే 125 కేవీఏ జనరేటరు సరిపోతుంది, ఏసీ లెక్క వేరు. ఫైర్ ఎన్ఓసీ, పోలీసు అనుమతి, కార్పొరేషన్ హోర్డింగ్ అనుమతి నెల ముందే చేతికి రావాలి. మూల స్టాళ్లు ఎవరివో అందరి ముందు లాటరీ తియ్, లేకపోతే ఏడాదంతా అలకలే.

ఇక రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టం. ఇక్కడ నువ్వు మొహమాటపడ్డావో, నేనే వచ్చి గేటు దగ్గర కూర్చుంటాను. స్థలం 500 చదరపు మీటర్లు దాటి, ఫ్లాట్లు 8కి మించితే రెరా నంబరు లేకుండా అమ్మడం సంగతి అటుంచు, ప్రకటన కూడా వెయ్యకూడదు. చట్టంలో మూడో సెక్షనే అది. ‘అమ్మడం లేదండీ, ఆసక్తి పత్రాలు తీసుకుంటున్నాం, లక్ష టోకెన్ అంతే’ అంటారు. అదీ బుకింగే. జరిమానా ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా పడొచ్చు. హైదరాబాదులో ప్రీలాంచ్ (అనుమతులు రాకముందే అమ్మకం) అనీ, యూడీఎస్ (భూమిలో విడదీయని వాటా) అనీ పునాది కూడా తియ్యని భవనాల్లో వాటాలు కొన్న మధ్యతరగతి వాళ్లు ఎంత ఏడ్చారో పేపర్లలో చూశావుగా. స్టాలు దరఖాస్తుతో పాటే రెరా సర్టిఫికెట్ తీసుకుని, నంబరు వెబ్‌సైట్‌లో నువ్వే కొట్టి చూడు. గడువు దాటిందేమో చూడు. ఏజెంట్లకీ విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. భూయజమాని తన వాటా ఫ్లాట్లు అమ్ముకోవడానికి వస్తే ఆయన కూడా చట్టం దృష్టిలో ప్రమోటరే, ‘నాకేం సంబంధం’ అంటే కుదరదు.

బ్రోచర్లు ముందే తెప్పించుకుని చదువు. కార్పెట్ ఏరియా (గోడల లోపల వాడుకునే జాగా) రాశారా, మెట్లు, లిఫ్టు లాంటి ఉమ్మడి జాగా వాటా కూడా కలిపిన సూపర్ బిల్టప్ ఒక్కటే రాసి ఊరుకున్నారా చూడు. బొమ్మలో ఈతకొలను వేసి, ప్లానులో లేకపోతే అది తప్పుడు ప్రకటన. అది నమ్మి నష్టపోయినవాడు పన్నెండో సెక్షన్ కింద కట్టింది వడ్డీతో వెనక్కి అడగొచ్చు. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. 20 వేలు, ఆపైన అడ్వాన్సు నగదుగా ముట్టుకోకూడదు. ఈ రెండూ పెద్ద అక్షరాలతో రాయించి ప్రతి వరసలో కట్టించు.

జీఎస్టీ దగ్గర స్టాలు కుర్రాళ్లు నోటికొచ్చింది చెబుతారు. విజయవాడలో 90 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియా లోపు, 45 లక్షల లోపు ఫ్లాటుకి 1 శాతం, తక్కినవాటికి 5. కారు పార్కింగ్, మూల ఫ్లాటు ధర అంటూ విడిగా రాసినా ఆ 45 లక్షల్లో కలిపే లెక్క. 44.9 లక్షలైతే పన్ను 44,900. 45.5 అయితే 2,27,500. ఓసీ, అంటే కట్టడం పూర్తయి కాపురానికి పనికొస్తుందనే పత్రం, వచ్చాక అమ్మితే పన్నే లేదు. అందుకే 60 లక్షల ఫ్లాటు చూసినవాడు 3 లక్షలు మిగులుతాయని ఓసీ దాకా ఆగుతాడు. నివేదికలో పూర్తయిన ఫ్లాట్లని, కడుతున్నవాటిని కలిపి ఒక్క అంకె చెప్పకూడదనేది అందుకే.

ఇప్పుడు అసలు సంగతి. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో అమరావతి రాజధానికి శంకుస్థాపన జరిగాక మన ఊళ్లో ఇలాంటి సభలు ఎన్ని జరిగాయో. ప్రతి సభలోనూ ఒకటే లెక్క. సచివాలయానికి ఇంతమంది వస్తారు, శాఖాధిపతుల కార్యాలయాలకి ఇంతమంది, కుటుంబానికో ఫ్లాటు, కాబట్టి ఇన్ని వేల ఫ్లాట్లు. చప్పట్లే చప్పట్లు. ఆ లెక్కలో ఒక్క ప్రశ్న లేదు: వచ్చేవాడు ఇల్లు కొనుక్కుంటాడా, అద్దెకి ఉంటాడా? 2016లో వెలగపూడి సచివాలయానికి హైదరాబాదు నుంచి ఉద్యోగులు వచ్చారు. ప్రభుత్వం వారానికి ఐదు రోజుల పని ఇచ్చింది. చాలామంది పిల్లల చదువుల కోసం కుటుంబాల్ని హైదరాబాదులోనే ఉంచి, శుక్రవారం సాయంత్రం రైలెక్కేవారు. శుక్రవారం రైలెక్కేవాడు ఫ్లాటు కొంటాడా? గది అద్దెకి తీసుకుంటాడు. వాళ్లనే కొనుగోలుదార్లుగా లెక్కేసి వేదిక మీద చదివారు.

ఆ అంకెలు విన్న బిల్డరు ఏం చేశాడు? స్థలం యజమాని దగ్గరికి పరిగెత్తాడు. యజమానీ అదే సభలో కూర్చుని విన్నాడాయె, గుడ్‌విల్, అంటే స్థలం ఇచ్చేందుకు ముందే పుచ్చుకునే డబ్బు, పెంచాడు. నువ్వే లెక్క కట్టు. 2 కోట్లు గుడ్‌విల్, నూటికి రూపాయిన్నర వడ్డీకి తెస్తే నెలకి 3 లక్షలు. ప్లాను, అనుమతులు, పునాది, శ్లాబులు కలిపి 24 నెలలైతే 72 లక్షలు. బిల్డరు వాటాకి 20 ఫ్లాట్లొస్తే, ఇటుక పేర్చకముందే ఒక్కోదాని మీద 3 లక్షల 60 వేల వడ్డీ. ధరలు పెరుగుతున్నంత కాలం అది కనపడదు. 2019 డిసెంబరు 17న అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చింది. కొనేవాడు ఆగిపోయాడు, వడ్డీ ఆగలేదు. ఆ తర్వాత కరోనా. నష్టానికి అమ్మలేక, ఉంచుకోలేక నలిగిన చిన్న బిల్డర్లు నీకు తెలియనివాళ్లేం కాదు. అడ్వాన్సులిచ్చి సగం కట్టిన గోడలు చూసుకుంటూ కూర్చున్నవాళ్ల సంగతి ఎవరూ లెక్కపెట్టలేదు. తప్పు రాజకీయాలదే అని ఇప్పటికీ మనవాళ్లంటారు. రాజకీయం మన చేతిలో లేదు సరే, సభలో చదివిన లెక్క మన చేతిలోదే కదా! ప్రకటనని గిరాకీగా లెక్కేశారు. అసలు తప్పు అదే.

2025 మే 2న అమరావతి పనులు మళ్లీ మొదలయ్యాయి కదా, ఈసారి కూడా నీ చేతికి అలాంటి కాగితమే ఇస్తారు. చదవకు. నీ అంకెలు నువ్వు తెచ్చుకో. సభ్యులందరి దగ్గరా మూడు అంకెలు రాయించు: ఓసీ వచ్చి అమ్ముడుపోనివి, శ్లాబులు పడుతున్నవాటిలో మిగిలినవి, గత ఆరు నెలల్లో అగ్రిమెంటు అయినవి. పేర్లు బయటికి రావని మాటిస్తేనే నిజం రాస్తారు. నెలకి 100 అమ్ముడై, 3,000 మిగిలుంటే అది 30 నెలల సరుకు. నన్నడిగితే 18 నెలలు దాటితే కొత్త స్థలాల మీద గుడ్‌విల్ పొయ్యొద్దని మైకులోనే చెప్పాలి. రిజిస్ట్రేషన్ శాఖ దస్తావేజుల సంఖ్య చూసి మురిసిపోకు, అందులో ప్లాట్లు, పాత ఇళ్లు, గిఫ్టు డీడులు అన్నీ ఉంటాయి. వాటిలోంచి డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కమ్ జీపీఏలు, అంటే స్థలం యజమాని కట్టడానికి బిల్డరుకి రాసిచ్చే ఒప్పందాలు, విడిగా తీయించు. రెండు, మూడేళ్ల తర్వాత ఎన్ని ఫ్లాట్లు మీద పడబోతున్నాయో అవే చెబుతాయి.

ఖర్చు వైపు కూడా చెప్పు. ఐదంతస్తుల అపార్ట్‌మెంటుకి చదరపు అడుగుకి సుమారు 0.4 బస్తా సిమెంటు, 4 కిలోల ఇనుము. ఇనుము కిలోకి 5 రూపాయలు పెరిగితే అడుగుకి 20 పెరిగినట్టే. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది. పన్ను కాక 300 ఉన్న బస్తా మీద 30 రూపాయలు, అంటే అడుగుకి 12. మనకి ఇన్‌పుట్ క్రెడిట్ (సరుకు మీద కట్టిన పన్ను తగ్గించుకునే వీలు) లేదు కాబట్టి అది నేరుగా మిగులు. గృహరుణం 50 లక్షలు 20 ఏళ్లకి, వడ్డీ 9 నుంచి 8కి దిగితే నెల వాయిదా సుమారు 44,990 నుంచి 41,820 అవుతుంది. ఈ అంకెలు చెబితే వినేవాడికి పనికొస్తాయి, ‘భవిష్యత్తు ఉజ్వలం’ అంటే ఎవరికి పనికొస్తుంది?

ఇంకొకటి, బుడమేరు వాగు. 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్ మునిగాక కొనేవాళ్లు మొదట అడిగేది నీళ్లెంత ఎత్తు వచ్చాయనే. స్టాల్లో సమాధానం ఉండాలి. స్టిల్టులో, అంటే కింది పార్కింగ్ అంతస్తులో, మీటర్ల ప్యానెల్, జనరేటరు అప్పటి నీటి గుర్తు కన్నా పైన పెట్టారా, సంపు మూత నీరు దిగకుండా ఉందా, లిఫ్టు గుంతలో నీళ్లు తోడే మోటారు ఉందా అన్నవి చెప్పగలిగినవాడికి ముందు వరస స్టాలు ఇచ్చినా తప్పులేదు.

చాలా తిట్టినట్టున్నాను. నీకు లెక్కలొచ్చు, ధైర్యమూ ఉంది. ఆ మూడు రోజులూ నిలబడి నిలబడి కాళ్లు వాస్తాయి, చెప్పులు మెత్తనివి వేసుకో, మధ్యాహ్నం అన్నం మానకు. పెద్ద బిల్డర్లు ఎవరైనా గొంతు పెంచితే ‘రెరా నంబరు చూపించండన్నా’ అని మర్యాదగానే అడుగు, అక్కణ్నుంచి కదలకు. నివేదిక చిత్తుప్రతి ఈ ఆదివారం లోపు నాకు పంపు, అంకెలు ఒకసారి నేను కూడా కూడి చూస్తాను. సభ్యుల ఫారం మాత్రం రేపే పంపించెయ్, వాళ్ల దగ్గర్నుంచి వెనక్కి రావడానికే మూడు వారాలు పడుతుంది.

మీ మావయ్య