పాఠకుల ప్రశ్నలు: మిక్స్‌టేప్‌కి వికీపీడియాలో విడిగా పేజీ ఉండాలా?

ప్రశ్న: నాకు అమెరికన్ ర్యాప్ అంటే చాలా ఇష్టం అండి, ఈ మధ్యే ఇంగ్లిష్ వికీపీడియాలో ఎడిటింగ్ మొదలుపెట్టా. ఒక ర్యాపర్ ఫ్రీగా వదిలిన మిక్స్‌టేప్ (మామూలు ఆల్బమ్‌లా కాకుండా ఎక్కువగా ఫ్రీగా పంచే పాటల కట్ట) పేజీని ఉంచాలా తీసెయ్యాలా అని చర్చ నడుస్తోంది, నేనూ ఏదో ఒకటి చెప్దామనుకుంటున్నా. ర్యాపర్‌కి పేజీ ఉంది, టేప్‌కి లక్షల్లో డౌన్‌లోడ్లున్నాయి. ఇది చాలదా? దేన్నిబట్టి తేల్చుకోవాలి?

జవాబు: చాలదండి. డౌన్‌లోడ్ల లెక్క చూస్తే జనం దాన్ని తీసుకున్నారని తెలుస్తుంది, అంతే, దాంతో పేజీలో ఒక్క పేరా కూడా రాయలేం కదా, పైగా ఆ అంకె చూపించేది టేప్ పెట్టిన సైటే. ర్యాపర్ పేరున్నవాడైతే ఆ పేరు అతని ప్రతి టేప్‌కీ పాకదు, ఈ మాట మీద అక్కడ పాతవాళ్లు గట్టిగా ఉంటారు, నాకూ అదే సరైందనిపిస్తుంది.

చూడాల్సింది ఒక్కటే, ఈ టేప్ గురించి దాంతో సంబంధం లేనివాళ్లు, నమ్మదగ్గ చోట, కాస్త వివరంగా రాశారా లేదా. ఇక్కడే చాలామంది తొందరపడతారు, పది లింకులు కనబడగానే ఉంచండి అనేస్తారు. ఆ లింకులు ఒక్కొక్కటీ తెరిచి చదవండి. ఒకదాంట్లో కవర్ బొమ్మ, పాటల లిస్టు, 'ఫలానా ర్యాపర్ కొత్త టేప్ వచ్చేసింది, ఇక్కడ డౌన్‌లోడ్ చేసుకోండి' అని రెండు లైన్లు ఉంటాయి, అది ప్రకటనతో సమానం, అలాంటివి ఇరవై ఉన్నా బరువు పెరగదు. ఇంకోదాంట్లో రాసినాయన కూర్చుని విని మూడో పాటలో బీట్ ఎక్కడిది, ముందు టేప్ కంటే గొంతు ఎలా మారింది, ఎక్కడ తేలిపోయింది అని నాలుగు పేరాలు రాసుంటాడు. పిచ్‌ఫోర్క్, రోలింగ్ స్టోన్ లాంటి పేరున్న సంగీత పత్రికల్లో ఇలాంటివి రెండు మూడు దొరికితే నేనైతే ఉంచమనే అంటా. ఎవరైనా వివరాలు ఎక్కించగలిగే డిస్కాగ్స్, జీనియస్ లాంటి సైట్ల పేజీలు మాత్రం లెక్కలోకి రావు.

మిక్స్‌టేప్ అనగానే తీసెయ్యండి అనేవాళ్లూ ఉంటారు, అది కూడా తప్పే. డెమోలు (నమూనా రికార్డింగులు), బూట్‌లెగ్‌లతో (దొంగ కాపీలతో) కలిపి మిక్స్‌టేపులు మామూలుగా నోటబుల్ (విడి పేజీకి తగినవి) కావు అని వికీపీడియా మార్గదర్శకాల్లో చాలాకాలం ఒక లైన్ ఉండేది, దానికి కారణం లేకపోలేదు, వేరేవాళ్ల బీట్ల మీద పర్మిషన్ లేకుండా పాడి చేతుల మీదుగా పంచిన టేపులే ఎక్కువ. కానీ 50 సెంట్ 2002లో మిక్స్‌టేపులతోనే పైకొచ్చాడు, డ్రేక్‌ని అందరూ గుర్తించింది 2009 నాటి సో ఫార్ గాన్‌తో. ఇంకా చెప్పాలంటే ఛాన్స్ ద ర్యాపర్ 2016లో అమ్మకానికే పెట్టకుండా వదిలిన కలరింగ్ బుక్ స్ట్రీమింగ్‌తోనే అమెరికా ఆల్బమ్ చార్టు బిల్‌బోర్డ్ 200లో 8వ స్థానానికి వెళ్లింది, 2017లో బెస్ట్ ర్యాప్ ఆల్బమ్ గ్రామీ కొట్టింది. 2014కి ముందు ఫ్రీగా వచ్చిన టేపులకి ఆ వీలు లేదు, ఫ్రీ డౌన్‌లోడ్లని చార్టు లెక్కపెట్టదు, ఆ చార్టులో స్ట్రీమింగ్ కలిపిందే 2014 చివర్లో. అందుకే 'చార్టులో లేదు కాబట్టి తీసెయ్యండి' అని పాత టేపు మీద ఎవరైనా రాస్తే నాకు బాధేస్తుంది, అసలు ఎక్కే దారే లేనిదాన్ని ఎక్కలేదని తీసెయ్యడం న్యాయం కాదు.

పాత టేపులకి ఇంకో చిక్కుంది. అప్పటి హిప్‌హాప్ సైట్లు చాలావరకు మూతపడ్డాయి, మామూలుగా వెతికితే ఏమీ రాదు. పాత వెబ్ పేజీల కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్‌లో చూడండి, ద సోర్స్, ఎక్స్‌ఎక్స్‌ఎల్, వైబ్ లాంటి హిప్‌హాప్ పత్రికల పాత సంచికలు లైబ్రరీల్లో ఉంటాయేమో కనుక్కోండి, ఆధారం ఆన్‌లైన్‌లోనే ఉండాలన్న రూలేం లేదు. అలాగని పేరు కనబడిన ప్రతిదాన్నీ పట్టుకోకండి, 2007 జనవరిలో అట్లాంటాలో మిక్స్‌టేపులు చేసే డీజే డ్రామా స్టూడియో మీద పోలీసులు దాడి చేసి వేలకొద్దీ సీడీలు పట్టుకెళ్తే పెద్ద పేపర్లన్నీ రాశాయి, ఆ వార్తలు దాడి గురించి, ఆయన గురించి, వాటిలో మాటవరసకి ప్రస్తావించిన ప్రతి టేప్‌కీ అవి ఆధారం అయిపోవు.

ఇంత వెతికినా ఏమీ దొరక్కపోతే తీసెయ్యమనక్కర్లేదు, ర్యాపర్ పేజీకి రీడైరెక్ట్ చెయ్యమని, అంటే టేప్ పేరు వెతికినవాళ్లు ర్యాపర్ పేజీకి వెళ్లేలా చెయ్యమని అడగండి. పాత పేజీలో రాసింది దాని మార్పుల చరిత్రలో అలాగే ఉంటుంది, రేపు ఎవరికైనా మంచి రివ్యూ దొరికితే అక్కణ్ణించే మళ్లీ లేపొచ్చు. చర్చ మామూలుగా 7 రోజులు నడుస్తుంది, ముగించేవాళ్లు తలలు లెక్కపెట్టరు, వాదన చూస్తారు. 'సూపర్ టేప్, ఉంచాల్సిందే' అని రాస్తే లాభం లేదు, దొరికిన రివ్యూ లింకు ఇచ్చి అందులో ఏముందో రెండు ముక్కలు చెప్పండి.

ప్రశ్న: టేప్ గురించి ర్యాపరే పెద్ద ఇంటర్వ్యూ ఇచ్చాడు. అది ఆధారంగా చూపించొచ్చా?

జవాబు: ఎప్పుడు రికార్డ్ చేశాడు, ఎవరితో చేశాడు లాంటి వివరాలకి వాడుకోండి. కానీ తన టేప్ గురించి తనే మాట్లాడుతున్నాడు కదా, స్వతంత్రంగా రాసిందని అనలేం. ఇంటర్వ్యూకి ముందు ఆ విలేకరి తన సొంత మాటల్లో టేప్‌ని విశ్లేషిస్తూ నాలుగు పేరాలు రాసుంటే ఆ భాగాన్ని చూపించండి, దానికి విలువుంటుంది.