శబ్దం వస్తోంది, బొమ్మ రావడం లేదు: ఎంపీ4 ఫైళ్ల సంగతి

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లి వీడియోను స్టూడియోవారు పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చారు. అందులో రెండు ఫైళ్లున్నాయి. రెండింటి పేర్ల చివరా ఎంపీ4 అనే ఉంది. ఒకటి మా పాత టీవీలో చక్కగా వస్తోంది. జీలకర్ర బెల్లం, తలంబ్రాల ఘట్టం ఉన్న రెండోదానిలో మాత్రం సన్నాయి వినిపిస్తోంది గానీ బొమ్మ రావడం లేదు. ఫైలు పాడైపోయిందా? పేరు చివర ఎంపీ4 తీసేసి ఏవీఐ అని పెడితే వస్తుందని బంధువులొకరు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: కంగారు పడకండి. శబ్దం తెగకుండా వస్తున్నదంటే ఫైలు చాలావరకు క్షేమంగానే ఉండి ఉంటుంది. లోపల ఉన్న బొమ్మను విప్పి చూపగల శక్తి మీ టీవీకి లేకపోవడమే ఇక్కడ కారణం కావచ్చు.

ఎంపీ4 అనేది వీడియోను, ఆడియోను, అవసరమైతే సబ్‌టైటిళ్లను ఒకచోట సర్ది ఉంచే పెట్టె మాత్రమే. యాపిల్ సంస్థ 1991లో తెచ్చిన క్విక్‌టైమ్ ఫైలు నిర్మాణాన్ని ఆధారం చేసుకుని అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ దీన్ని రూపొందించింది. ఇప్పుడు మనం వాడుతున్న రూపం 2003లో వెలువడింది. ఆ పెట్టెలో పెట్టే బొమ్మను ఏ పద్ధతిలో కుదించాలన్నది వేరే విషయం. ఆ కుదించే పద్ధతినే కోడెక్ అంటారు. మిర్చి యార్డులో మూతి కుట్టిన గోనె సంచిని పైనుంచి చూసి లోపలిది తేజ రకమో బ్యాడిగ రకమో చెప్పలేనట్లే, ఎంపీ4 అన్న పేరును బట్టి లోపలి కోడెక్‌ను చెప్పలేము.

మీ మొదటి ఫైలులో ఉన్నది 2003లో వచ్చిన హెచ్.264 అయి ఉండవచ్చు. దాన్ని విప్పలేని టీవీ ఈ రోజుల్లో అరుదు. రెండోదానిలో 2013లో వచ్చిన హెచ్.265, అంటే హెచ్‌ఈవీసీ, ఉండి ఉంటుంది. అదే నాణ్యతను ఇది దాదాపు సగం పరిమాణంలో ఇమడ్చగలదు కనుక పెద్ద వీడియోలకు స్టూడియోలు దీన్ని ఇష్టపడతాయి. కానీ పాత టీవీల చిప్‌లకు ఇది తెలియదు. ఆడియో మాత్రం సాధారణంగా రెండింటిలోనూ ఏఏసీ పద్ధతిలోనే ఉంటుంది, అందుకే మీకు సన్నాయి వినిపిస్తున్నది. ఇంకొక అవకాశమూ ఉంది: ఖరీదైన కెమెరాలు రంగులను 10 బిట్లలో, అంటే మామూలు 8 బిట్ల కంటే ఎక్కువ ఛాయలతో, నమోదు చేస్తాయి, ఎడిటింగ్ తరువాత కూడా దాన్ని అలాగే ఉంచేస్తే, కోడెక్ హెచ్.264 అయినా చాలా టీవీలు బొమ్మ చూపలేవు.

పేరు మార్చడం వల్ల ప్రయోజనం లేదు. ఏవీఐ అనేది మైక్రోసాఫ్ట్ 1992లో తెచ్చిన మరొక పెట్టె; ఫైలు పేరు మార్చినంత మాత్రాన లోపలి నిర్మాణం మారదు, పైగా ఇప్పుడు వస్తున్న శబ్దం కూడా రాకుండా పోయే ప్రమాదం ఉంది.

ముందుగా ఆ ఫైలును కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌తో తెరవండి. బొమ్మ వస్తే ఫైలు బాగున్నట్లే. టూల్స్ మెనూలోని కోడెక్ ఇన్ఫర్మేషన్‌లో ఏ కోడెకో రాసి ఉంటుంది. అది చూసి స్టూడియోవారినే "8 బిట్ల హెచ్.264లో ఇంకొక కాపీ ఇవ్వండి" అని అడగడం అన్నిటికంటే మేలు, ఎందుకంటే వారు అసలు షూటింగ్ నుంచి తయారు చేస్తారు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంట్లోనూ మార్చుకోవచ్చు గానీ, ఒకసారి కుదించినదాన్ని మళ్లీ కుదిస్తే నాణ్యత కొంత తగ్గక తప్పదు. ఏ దారిలో వెళ్లినా ఇప్పుడున్న ఫైలును మాత్రం చెరపకండి. ఆ ముహూర్తం మళ్లీ రాదు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీకి మించిన ఫైలు అందులో పట్టదు. సెకనుకు 8 మెగాబిట్ల చొప్పున మూడు గంటల వీడియో 10.8 జీబీ అవుతుంది కనుక, దాన్ని భాగాలుగా చేయించుకోండి, లేదా పెద్ద ఫైళ్లు కూడా పట్టే ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌ను మీ టీవీ చదవగలదేమో చూసుకోండి.

పెళ్లి వీడియో ఇచ్చేటప్పుడే కోడెక్ పేరు కాగితం మీద రాసి ఇవ్వడం స్టూడియోలు అలవాటు చేసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: తుమ్మలపల్లి కళాక్షేత్రంలో మా మనవరాలి నృత్యాన్ని ఫోన్‌లో తీస్తుండగా ఛార్జింగ్ అయిపోయింది. ఫైలు పెద్దగానే కనిపిస్తోంది, కానీ ఎందులోనూ తెరుచుకోవడం లేదు.
– ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మామూలు ఎంపీ4లో ఏ దృశ్యం ఎక్కడ ఉందో చెప్పే సూచిక 'మూవ్' అనే భాగంలో ఉంటుంది, ఫోన్లు సాధారణంగా దాన్ని రికార్డింగ్ ఆపినప్పుడు చివరన రాస్తాయి. మీ ఫోన్ అంతకుముందే ఆగిపోయింది కనుక నృత్యం ఫైలులో ఉన్నా, దాన్ని చదివే దారి లేకుండా పోయింది. ఈ సూచికను తిరిగి కట్టే సాఫ్ట్‌వేర్లకు అదే ఫోన్‌తో, అవే సెట్టింగులతో తీసిన మంచి వీడియో ఒకటి నమూనాగా కావాలి. అందుచేత కెమెరా సెట్టింగులేవీ మార్చకుండా కొద్ది నిమిషాల వీడియో తీసి, దెబ్బతిన్న ఫైలు కాపీతో పాటు దాన్ని కూడా డేటా రికవరీ చేసేవారికి ఇవ్వండి.