డాగ్ షోలో జడ్జి తన తీర్పుకు కారణం రాసి ఇవ్వవలసిందే

డాగ్ షోలలో జడ్జీలు ఒక్కొక్క కుక్క గురించీ తమ అభిప్రాయాన్ని రాతపూర్వకంగా ఇవ్వాలా, లేక స్థానాలు ప్రకటించి రిబ్బన్లు పంచితే సరిపోతుందా అని మీరు అడిగారు. రాసి ఇవ్వవలసిందే అన్నది నా సమాధానం. గెలిచిన కుక్కలకే కాదు, రింగులోకి, అంటే జడ్జి కుక్కలను పరీక్షించే ఆవరణలోకి, వచ్చిన ప్రతి కుక్కకూ ఇవ్వాలి, అదీ షో జరిగిన రోజే ఇవ్వాలి. చాలాకాలంగా లాబ్రడార్లను పెంచుతూ, వాటిని రింగులో నడిపిస్తూ ఉన్న నాకు ఈ విషయంలో మధ్యేమార్గం ఏదీ కనబడదు.

కారణం రాయకుండా తీర్పు చెప్పే రింగులో జరిగేది ఇదీ. జడ్జి పళ్ళు చూస్తారు, భుజాల మీదా వెన్ను మీదా చేయి వేసి తడుముతారు, త్రికోణంగా ఒకసారి, తిన్నగా ఒకసారి పరుగెత్తించమంటారు, ఆ తర్వాత వేలు చూపించి ఒకటి, రెండు, మూడు, నాలుగు అంటారు. నాలుగో స్థానం రిబ్బను అందుకున్నవారికి తమ కుక్కలో ఏ లోపం ఉందో, ముందున్న మూడింటిలో ఏ గుణం ఎక్కువో తెలియదు. అడుగుదామనుకునేలోపు తర్వాతి క్లాసు, అంటే పోటీకి వచ్చే తర్వాతి కుక్కల గుంపు, రింగులోకి వచ్చేస్తుంది. ఇక ఆ ఖాళీని రింగు బయట కుర్చీలు వేసుకుని కూర్చున్న పెద్దలు నింపుతారు. ఆ జడ్జికి పసుపు రంగు లాబ్రడార్లు నచ్చవని ఒకరు, గెలిచిన కుక్క బ్రీడరూ ఆయనా పాత స్నేహితులని ఇంకొకరు, పట్టీ పట్టిన చేతిలోనే లోపముందని వేరొకరు చెబుతారు. నేను చూసినంతలో డాగ్ షోలలో పుట్టే పుకార్లలో సగానికి పైగా జడ్జి మౌనం నుంచి పుట్టినవే.

మా దగ్గర ఒక పసుపు ఆడ లాబ్రడార్ ఉండేది. ఎక్కడికి తీసుకెళ్ళినా మూడో నాలుగో స్థానం తెచ్చుకునేది, అంతకు పైకి వెళ్ళేది కాదు. తల అందంగా ఉంటుంది, స్వభావం మెత్తన, రింగులో నిలబెడితే కదలదు. అయినా ఎందుకు వెనకబడుతోందో ఎవరూ తేల్చి చెప్పలేదు. ఒక షోలో క్రిటిక్, అంటే కుక్క గుణదోషాల మీద రాతపూర్వక అభిప్రాయం, ఇచ్చే పద్ధతికి అలవాటుపడిన జడ్జి వచ్చారు. రింగు మధ్యలో చిన్న బల్ల వేసి, కార్బన్ కాగితాల పుస్తకంతో ఒక సెక్రటరీని కూర్చోబెట్టారు. జడ్జి నా కుక్కను తడిమి, నడిపించి, మళ్ళీ పక్కనుంచి నడవమని, తర్వాత బల్ల పక్కకు వెళ్ళి కుక్క మీద నుంచి చూపు తిప్పకుండా మాటలు చెబుతూ పోయారు, సెక్రటరీ రాస్తూ పోయారు. ఒకచోట ఆగి, "కాదు, అది కొట్టేయండి, ఇంకొకసారి చూస్తాను" అని వెనక్కి వచ్చి కుక్క ముంగాలిని మోచేతి దగ్గర పట్టుకుని భుజం దాకా వేళ్ళతో కొలిచారు. తర్వాతే ఆ వాక్యం పూర్తిచేయించారు. వేలు చూపించడంతో ముగిసిపోయే రింగులో ఆ రెండో చూపుకు అవసరమే పడదు.

నా చేతికి వచ్చిన కాగితంలో ఉన్నది ఇంచుమించు ఇదీ. ఆడ లక్షణం స్పష్టంగా ఉన్న చక్కని తల, కళ్ళలో సౌమ్యత, పళ్ళు కత్తెరలా సరిగ్గా కలుస్తున్నాయి, కోటు (ఒంటి మీది వెంట్రుకలు) గట్టిగా, లోపలి పొర దట్టంగా ఉంది. భుజం వాలు బాగుంది కానీ అప్పర్ ఆర్మ్ (భుజానికీ మోచేతికీ మధ్య ఉండే) ఎముక పొట్టిగా, నిలువుగా ఉన్నందువల్ల ముందడుగు సాగడం లేదు. వెనుక కాళ్ళ తోపు బలంగా ఉంది, ముందు భాగం దాన్ని అందుకోలేకపోతోంది. తోక మొదట్లో ఇంకా లావుగా ఉండాలి. కొంత బరువు తగ్గితే మేలు. గ్రేడు వెరీ గుడ్. అంతే, ఆరేడు పంక్తులు. నిలబెట్టినప్పుడు ఏ లోపమూ కనబడని ఆ కుక్క నడిచేటప్పుడు ఎందుకు తేలిపోతోందో ఆ ఒక్క వాక్యంతో అర్థమైంది. పొట్టి ఎముకను శిక్షణ సాగదీయదు కాబట్టి నేను రింగు శిక్షణ మీద డబ్బు పెట్టడం ఆపి, దాన్ని జతకట్టించేటప్పుడు ముందు భాగం పొడవుగా, కోణం సరిగ్గా ఉన్న మగ కుక్క కోసం వెతికాను. దాని పిల్లల్లో రెండింటి ముందడుగు తల్లి అడుగుకంటే స్పష్టంగా మెరుగు. డాగ్ షోలు జాతిని బాగుచేయడానికే అని నిర్వాహకులు అంటూ ఉంటారు గదా, రిబ్బన్లలో ఏదీ ఆ పని చేయలేదు, కాగితం చేసింది.

జడ్జీలందరూ ఒకేలా చూడరు, కాబట్టి కాగితాలు ఒకదానితో ఒకటి పొసగవు అని కొందరంటారు. పొసగకపోవడమే వాటి విలువ. తర్వాత అదే కుక్కకు వచ్చిన మరో క్రిటిక్‌లో తోక జాతికి తగ్గట్టు అచ్చం నీటికుక్క (ఆటర్ అనే జంతువు) తోకలా ఉందని మెచ్చుకున్నారు, కానీ ముందడుగు గురించి మాత్రం మొదటి జడ్జి చెప్పిన మాటే చెప్పారు. ఇద్దరూ ఒప్పుకున్నది కుక్కలోని లోపమని, విభేదించినది వారివారి అభిరుచి అని విడదీసుకోవడం నాకు సులువయింది. రెండు షోలలో రెండు నాలుగో స్థానాలు వస్తే ఈ విడదీత అసాధ్యం.

ఇక సమయం చాలదనే వాదన. అమెరికాలో కుక్కల జాతులను నమోదుచేసి షోలకు నియమాలు పెట్టే అమెరికన్ కెన్నెల్ క్లబ్ నిబంధనల్లో ఒక జడ్జికి ఒక రోజులో 175 కుక్కల దాకా కేటాయించవచ్చు, అక్కడి మామూలు షోలలో రాతపూర్వక క్రిటిక్ ఇవ్వాలనే నియమం లేదు. 1911లో ఏర్పడిన కెన్నెల్ క్లబ్బుల అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌సీఐ మాత్రం క్రిటిక్ రాసే చోట గంటకు సుమారు 20 కుక్కలు, రోజుకు 80 అనే లెక్క పెట్టుకుంది. అంటే కుక్కకు మూడు నిమిషాలు. జర్మనీలో, స్వీడన్, నార్వే లాంటి నార్డిక్ దేశాలలో ఈ పద్ధతిలోనే షోలు నిరాటంకంగా నడుస్తున్నాయి, ప్రతి కుక్కకూ గ్రేడు, దానితో పాటు కారణం. మరి సమయం లేదనడంలో అర్థం ఒక్కటే, తక్కువ జడ్జీలను పిలిచి ఎక్కువ ఎంట్రీ ఫీజు వసూలు చేయాలని. ఎంట్రీ ఫీజు కట్టిన యజమాని కొనుక్కునేది జడ్జి అభిప్రాయాన్ని. రిబ్బను ఆ అభిప్రాయానికి రశీదు మాత్రమే.

బ్రిటన్ పద్ధతి కూడా నాకు తృప్తినివ్వదు. అక్కడ జడ్జి షో అయిన తర్వాత ఇంటికి వెళ్ళి, ప్రతి క్లాసులో మొదటి ఒకటి రెండు స్థానాల కుక్కల గురించి రాస్తారు, అవి పత్రికలలోనో వెబ్‌సైటులోనో వస్తాయి. సలహా అవసరం అందరికంటే తక్కువగా ఉన్న కుక్కలకే సలహా దక్కుతుందన్నమాట. పైగా రోజుల తర్వాత రాసేటప్పుడు కొందరు జడ్జీల కలం "మంచి తల, మంచి కోటు, బాగా కదిలింది" అనే మూడు మాటల చుట్టూనే తిరుగుతుంది. ఆ మాటలు ఏ జాతి కుక్కకైనా అతుకుతాయి. కుక్క ఎదుట ఉండగా చెప్పి రాయించిన కాగితంలో ఇంత బద్ధకం కుదరదు, కుదిరినా అక్కడికక్కడే పట్టుబడుతుంది, ఎందుకంటే యజమాని పట్టీ పట్టుకుని ఎదురుగానే నిలబడి ఉంటారు. చేతిరాత అర్థంకాని సెక్రటరీల గురించి వేరే ఫిర్యాదు ఉంది, దానికి మందు టైపు చేయించడమే.

నిజానికి ఈ రాతవల్ల యజమానికి జరిగే మేలుకంటే జడ్జికి పడే కళ్ళెం నాకు ముఖ్యంగా తోస్తుంది. 2012లో బ్రిటన్‌లోని పెద్ద డాగ్ షో అయిన క్రఫ్ట్స్‌లో ఆరోగ్య సమస్యలు ఎక్కువగా ఉన్న 15 జాతుల విజేతలను పశువైద్యులు పరీక్షించినప్పుడు, బుల్‌డాగ్, పెకినీస్ సహా ఆరు జాతులలో ఉత్తమ కుక్కగా ఎంపికైనవి ఆ పరీక్ష దాటలేకపోయాయి. అవన్నీ అప్పటికే జడ్జీల చేతుల కింద నుంచి వచ్చినవే. కళ్ళు శుభ్రంగా ఉన్నాయి, శ్వాసలో ఇబ్బంది లేదు అని రాసి కింద సంతకం పెట్టవలసి వచ్చే జడ్జి, ఆ రెండింటినీ ఒకసారి చూడక తప్పదు. నార్డిక్ దేశాల కెన్నెల్ క్లబ్బులు ఇబ్బందులు ఎక్కువగా ఉన్న జాతులకు ఏ అంశాలను గమనించాలో జడ్జీలకు ముందే రాసిచ్చి, చూసినవి నివేదించమని అడుగుతున్నాయి. కారణం రాయాల్సి వస్తే ముఖపరిచయం చూసి ఇచ్చే స్థానాలు కూడా తగ్గుతాయి. పట్టీ పట్టింది ఎవరన్నది కాగితంలో రాయగల కారణం కాదు.

యజమానులు నొచ్చుకుంటారనే మాటను నేను పెద్దగా పట్టించుకోను. లోపాన్ని శరీర నిర్మాణపు భాషలో, పొడవు, కోణం, నడక అని చెప్పినప్పుడు నొచ్చుకునేవారు రిబ్బను రానప్పుడూ నొచ్చుకుంటారు. అయితే జడ్జీలకు ఇంకో భయం ఉంది, దాన్ని మాత్రం నేను అర్థం చేసుకోగలను. ఎదుటివారి కుక్కను నిష్కర్షగా విమర్శించిన జడ్జిని మళ్ళీ పిలవాల్సింది ఆ షో నడిపే క్లబ్బువారే. అందుకే "ఇంకొంచెం ఉంటే బాగుండేది" అనే మెత్తటి మాటలు పుట్టుకొచ్చాయి. అందరూ అందరికీ తప్పనిసరిగా రాసే నియమం ఉంటే, ఏ ఒక్కరూ కఠినులుగా మిగిలిపోరు.

మీరు కొత్తగా షోలకు వెళ్ళదలచుకుంటే, ఎంట్రీ పంపేముందు ఆ రోజు జడ్జి క్రిటిక్ ఇస్తారో లేదో నిర్వాహకులను అడగండి. ఇవ్వని షోలకు నేను ఇప్పుడు కుక్కపిల్లలను రింగు సందడికి అలవాటు చేయడానికి మాత్రమే తీసుకెళ్తున్నాను, పెద్ద కుక్కలను ఎంట్రీ చేయడం లేదు.