పాఠకుల ప్రశ్నలు: చిన్న ఫ్లాట్ కారు మీద పెద్ద లోడు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నమూనా రైళ్ల ఫ్లాట్ కార్ల (గోడలు, కప్పు లేని చదునైన సరుకు బండ్ల) మీద పెట్టే భారీ లోడుల గురించే ఉన్నాయి. అందుకే మిగిలిన ప్రశ్నలను పక్కన పెట్టి, ఈ శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి, నేను కలిసి గరాజ్‌లో హెచ్‌ఓ స్కేలులో ఒక అమెరికన్ రైలుమార్గం కట్టుకుంటున్నామండి. మా దగ్గర అరవై అడుగుల ఫ్లాట్ కార్లు మూడు ఉన్నాయి. చూడగానే ‘అమ్మో’ అనిపించే లోడు పెట్టాలని వాడి కోరిక. మా మలుపుల వ్యాసార్ధం 18 అంగుళాలు. ఏ లోడు ఎంచుకోమంటారు? (ఒక పాఠకుడు, డల్లాస్)

లోడు సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ దారిని కొలవండి. అసలు రైల్వేల్లోనూ పని ఈ వరుసలోనే సాగుతుంది. పెద్ద సరుకు పంపదలచినవారు దాని పొడవు, వెడల్పు, ఎత్తు, బరువు రాసి ఇస్తే, రైల్వేవారు దారిలోని ప్రతి వంతెననూ, సొరంగాన్నీ, సిగ్నల్ స్తంభాన్నీ ఆ కొలతలతో సరిచూస్తారు. పట్టని చోటు ఒక్కటి తగిలినా చుట్టుదారి వెతుకుతారు. అమెరికాలో చాలా మార్గాల్లో ఇబ్బంది లేకుండా తిరిగే బండ్లకు ‘ప్లేట్ సీ’ అనే కొలతల చట్రం ఉంది. దాని వెడల్పు 10 అడుగుల 8 అంగుళాలు, పట్టాల పైనుంచి ఎత్తు 15 అడుగుల 6 అంగుళాలు. హెచ్‌ఓ అంటే 87వ వంతు కాబట్టి, మీ బల్ల మీద ఆ చట్రం సుమారు 37 మిల్లీమీటర్ల వెడల్పు, 54 మిల్లీమీటర్ల ఎత్తు అవుతుంది. అంటే 41 మిల్లీమీటర్ల వెడల్పున్న ఒక మామూలు పెట్టె కూడా ఆ లెక్కన హద్దు దాటిన సరుకే. కొత్తగా మొదలుపెట్టినవారు ‘అమ్మో’ అనిపించాలని లోడును రెండింతలు చేస్తారు, అప్పుడది ఆటబొమ్మలా తేలిపోతుంది. హద్దును నాలుగైదు మిల్లీమీటర్లు మాత్రమే దాటి, సొరంగం గోడను వెంట్రుకవాసిలో తప్పించుకుంటూ సాగే లోడే చూసేవారి ఊపిరి బిగబట్టిస్తుందని నా గట్టి నమ్మకం.

తిన్నని దారిలో పట్టినది మలుపులో పట్టకపోవచ్చు. మలుపులో బండి నడుము లోపలి వైపుకు, చివరలు బయటి వైపుకు జరుగుతాయి. నడుము ఎంత జరుగుతుందో తెలియాలంటే, కారు కింద ముందూ వెనకా ఉండే రెండు బోగీల (చక్రాల చట్రాల) కేంద్రాల మధ్య దూరాన్ని దానితోనే గుణించి, వచ్చినదాన్ని వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగించండి. మీ కారులో ఆ దూరం 46 అడుగులనుకుంటే, స్కేలులో 161 మిల్లీమీటర్లు. మీ వ్యాసార్ధం 457 మిల్లీమీటర్లు. కాబట్టి నడుము 7 మిల్లీమీటర్లు లోపలికి వస్తుంది. అదే కారు మీద రెండు వైపులా సమానంగా పొడుచుకు వచ్చేలా 80 అడుగుల రిఫైనరీ పాత్రను (చమురు శుద్ధి కర్మాగారంలో వాడే పొడవాటి ఉక్కు పీపాను) పెడితే, దాని చివరలు 14 మిల్లీమీటర్లు బయటికి వెళతాయి. పాత్ర సగం వెడల్పు 20, పక్క పట్టాల మీది బండి సగం వెడల్పు 18 కలుపుకుంటే మొత్తం 52 మిల్లీమీటర్లు. మీ రెండు దారుల మధ్య దూరం 50 మిల్లీమీటర్లే అయితే, ఎదురుగా వచ్చే బండిని అది తప్పకుండా ఒరుసుకుంటుంది.

అందువల్ల మీ మలుపులకు పొట్టిగా, వెడల్పుగా ఉండే లోడు నయం. ఎం1 ఏబ్రమ్స్ ట్యాంకు వెడల్పు 12 అడుగులు, అంటే హెచ్‌ఓలో 42 మిల్లీమీటర్లు. పొడవుతో బాధ లేదు, వెడల్పు మాత్రం హద్దు దాటుతుంది. అమెరికా సైన్యం 68 అడుగుల ఆరు ఇరుసుల ఫ్లాట్ కార్ల మీద ఈ ట్యాంకులను రెండేసి చొప్పున పంపుతుంది. ఒక్కొక్కటి దాదాపు అరవై టన్నులు ఉంటుంది కాబట్టి, మీ నాలుగు ఇరుసుల కారు మీద ఒక్కదాన్నే సరిగ్గా మధ్యలో పెట్టి గొలుసులతో కట్టండి. రెండో ట్యాంకుకు చోటున్నా పెట్టవద్దు. ఏ లోడైనా కొనకముందే దాని అడ్డుకోత ఆకారంలో మందపాటి అట్టముక్క కత్తిరించి, ఫ్లాట్ కారు మీద నిలబెట్టి, దారంతా చేత్తో నెట్టుకుంటూ వెళ్లండి. తగిలిన ప్రతిచోటా పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఈ పని మీ అబ్బాయికి అప్పగిస్తే బాగుంటుంది. చుట్టూ చువ్వలు పొడుచుకు వచ్చే ప్రత్యేకమైన బండిని నడిపి అసలు రైల్వేలూ సొరంగాలను ఇలాగే కొలిచేవి.

ప్రశ్న: నడుము పల్లంగా దిగిన ఫ్లాట్ కారు ఒకటి కొన్నాను. దాని మీదికి పవర్ ట్రాన్స్‌ఫార్మర్ సొంతంగా తయారు చేయాలనుకుంటున్నాను. సబ్‌స్టేషన్‌లో తీసిన ఫోటోలు చూసి చేస్తే సరిపోతుందా? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

సరిపోదండి. సబ్‌స్టేషన్‌లో నిలబడిన ట్రాన్స్‌ఫార్మర్ వేరు, రైలెక్కిన ట్రాన్స్‌ఫార్మర్ వేరు. నేను మొదటిసారి కట్టినదానికి పైన కరెంటు తీగలు తగిలించే పింగాణీ బుషింగులు, పక్కన రేడియేటర్లు, వెనక నూనె డ్రమ్ము అన్నీ ఎంతో ఇష్టంగా అమర్చాను. విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఇంటికి వచ్చి చూసి, “ఇది కరెంటు ఇస్తున్న ట్రాన్స్‌ఫార్మర్ బాబూ, ప్రయాణంలో ఉన్నది కాదు” అన్నారు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌ను పంపేటప్పుడు బుషింగులు, రేడియేటర్లు, నూనె డ్రమ్ము విప్పి విడిగా పంపుతారు. బరువు తగ్గడానికి నూనె తీసేసి, లోపలికి తేమ చేరకుండా నైట్రోజన్ గానీ పొడిగాలి గానీ నింపుతారు. విప్పిన ప్రతి రంధ్రానికీ బోల్టులతో మూత బిగిస్తారు. కాబట్టి మీరు చేయవలసింది పక్కల నిలువు పట్టీలున్న ఒక మొద్దు పెట్టె. ఆ మొద్దుతనంలోనే దాని బరువంతా కనిపిస్తుంది.

ఒక మిల్లీమీటరు ప్లాస్టిక్ షీటుతో 80 మిల్లీమీటర్ల పొడవు, 39 మిల్లీమీటర్ల వెడల్పు, 42 మిల్లీమీటర్ల ఎత్తున్న పెట్టె కట్టండి. లోపల రెండు అడ్డగోడలు లేకపోతే కొన్నాళ్లకు పక్కలు లోపలికి సొట్టపోతాయి. బయట ప్రతి 10 మిల్లీమీటర్లకు ఒక నిలువు పట్టీ అతికించండి. మూతలకు కాగితానికి రంధ్రాలు చేసే పంచ్‌తో సన్నని షీటులోంచి గుండ్రని బిళ్లలు తీయండి. వాటి అంచు చుట్టూ సూదిమొనతో వెనకనుంచి చుక్కలు నొక్కితే బోల్టు తలల్లా ఉబ్బుతాయి. బూడిద రంగు వేసి, మూలల దగ్గర మాత్రమే కొద్దిగా మట్టిరంగు అద్దండి, ఎందుకంటే ఇది ఫ్యాక్టరీ నుంచి అప్పుడే బయలుదేరిన కొత్త సరుకు. ఒక పక్కన అగ్గిపుల్ల తలంత చిన్న పెట్టె అతికించడం మరవకండి. దారిలో తగిలే కుదుపులను నమోదు చేసే పరికరం అది. తెలిసినవారు ముందు దాన్నే వెతుకుతారు.

కట్ల దగ్గర తొందరపడవద్దు. లోడు నాలుగు వైపులా జరగకుండా కారు నేల మీద ఉక్కు దిమ్మలు వెల్డ్ చేస్తారు, పైనుంచి ఉక్కు కడ్డీలు ఏటవాలుగా కిందికి లాగి బిగిస్తారు. దిమ్మలకు ప్లాస్టిక్ ముక్కలు, కడ్డీలకు అర మిల్లీమీటరు ఇత్తడి తీగ వాడండి. కుట్టుదారం మాత్రం వాడకండి, అది ఎంత లాగినా వదులుగానే కనిపిస్తుంది. ఎంత చక్కగా చేసిన లోడైనా, కట్టు లేకుండా పెడితే దానికి బరువు లేదని కన్ను ఇట్టే పట్టేస్తుంది.

ప్రశ్న: మా ఊళ్లో 1:72 స్కేలు ట్యాంకు కిట్లే దొరుకుతున్నాయి. హెచ్‌ఓ ఫ్లాట్ కారు మీద పెట్టవచ్చా? (ఒక విద్యార్థి, విజయవాడ)

వద్దు బాబూ. ఇందాక చెప్పిన ట్యాంకు హెచ్‌ఓలో 42 మిల్లీమీటర్లయితే, 1:72లో 51 మిల్లీమీటర్లు అవుతుంది. కారు దాని కింద నలిగిపోతున్నట్టు ఉంటుంది. నీ బండ్లు 1:76 స్కేలువైతే మాత్రం తేడా అంతగా తెలియదు. భారతీయ రైళ్లు చేసేవారు ఎలాగూ కొంత సర్దుబాటు చేసుకుంటున్నారు: మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు హెచ్‌ఓలో 19 మిల్లీమీటర్ల పైన రావాలి, కానీ బజారులో దొరికే పట్టాలు 16.5 మిల్లీమీటర్లే. పట్టాల తేడాను కన్ను క్షమిస్తుంది గానీ, పక్కపక్కనే ఉన్న కారు, లోడుల మధ్య తేడాను క్షమించదు.

ప్రశ్న: నాది 1930ల నాటి ఆవిరి ఇంజన్ల రైలుమార్గం. ఆ కాలానికి తగిన, ఎవరూ పెట్టని పెద్ద లోడు ఏదైనా చెప్పగలరా? (ఒక పాఠకుడు, న్యూజెర్సీ)

నాకెంతో ఇష్టమైన లోడు ఒకటుంది, సంతోషంగా చెబుతాను. కాలిఫోర్నియాలోని పాలొమార్ టెలిస్కోపు కోసం న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్ గ్లాస్ వర్క్స్ 1934 డిసెంబరులో 200 అంగుళాల గాజు బిళ్లను పోత పోసింది. నెలల తరబడి నెమ్మదిగా చల్లార్చాక, దాదాపు 20 టన్నుల ఆ బిళ్ల 1936 మార్చి 26న కార్నింగ్‌లో రైలెక్కి, ఏప్రిల్ 10న పాసడీనా చేరింది. బిళ్లను పడుకోబెడితే దాని వెడల్పు 16 అడుగులు దాటి ఏ మార్గంలోనూ పట్టదు కాబట్టి, ఉక్కు పెట్టెలో నిలువుగా నిలబెట్టి, నడుమ గుంత ఉన్న కారులో పట్టాలకు ఆనుతుందేమో అన్నంత కిందికి దించారు. గంటకు 25 మైళ్లు మించకుండా, పగటిపూట మాత్రమే నడిపారు. దారిపొడవునా జనం దాన్ని చూడడానికి నిలబడ్డారు.

హెచ్‌ఓలో ఆ బిళ్ల 58 మిల్లీమీటర్లు. పెట్టె మందంతో కలిపితే 62 దాకా వస్తుంది, కాబట్టి పట్టాలను దాదాపు తాకించినా 54 మిల్లీమీటర్ల చట్రాన్ని దాటుతుంది. మీ సొరంగాల ఎత్తు ముందే చూసుకోండి. వెడల్పు మాత్రం తక్కువే, మలుపుల్లో ఏ బాధా ఉండదు. పెట్టె అడుగు పట్టాలకు 3 మిల్లీమీటర్లకన్నా దగ్గరైతే దారులు చీలే చోట తగులుతుంది. అక్కడ నిజాయితీని కొంచెం తగ్గించుకోక తప్పదు. స్టేషన్‌లో చిన్న జనసమూహాన్ని నిలబెట్టి, వారి ముఖాలన్నీ ఆ పెట్టె వైపు తిప్పండి.

ప్రశ్న: లోడు పెట్టగానే నా ఫ్లాట్ కారు ఊగుతూ మలుపులో పడిపోతోంది. ఏం చేయాలి? (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

బరువు పైన ఉంది, కింద లేదు. అమెరికాలోని నమూనా రైలు అభిమానుల సంఘం ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ సూచన ప్రకారం, హెచ్‌ఓ బండి బరువు ఒక ఔన్సుతో మొదలై పొడవులో ప్రతి అంగుళానికి అర ఔన్సు పెరగాలి. అరవై అడుగుల ఫ్లాట్ కారుకు అది సుమారు 145 గ్రాములు. లోడును డొల్లగా, తేలికగా కట్టి, ఆ బరువులో వీలైనంత కారు నేల కింద సీసపు రేకులుగా అతికించండి. సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. అసలు రైళ్లలోనూ బండి, లోడు కలిసిన గురుత్వ కేంద్రం పట్టాల పైన 98 అంగుళాలు దాటకూడదనే పరిమితి అమెరికాలో ఉంది; అది మీ బల్ల మీద దాదాపు 29 మిల్లీమీటర్లు. లోడును శాశ్వతంగా అతికించకుండా, అడుగున రెండు చిన్న మేకులు, కారు నేలలో రెండు రంధ్రాలు పెట్టుకుంటే, ఒక వైపు నిండుగా వెళ్లిన కారు రెండో వైపు ఖాళీగా తిరిగి రాగలదు. సీసమంతా కింద ఉంటుంది గనుక ఖాళీ కారు కూడా పట్టాలు తప్పదు.