మూడు మైదానాల్లో మూడు టైములు: దేన్ని నమ్మాలి?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గరి పల్లె. మా అబ్బాయి హన్మకొండలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ కానిస్టేబుల్ ఉద్యోగం మీద ఆశ పెట్టుకున్నాడు. 1600 మీటర్ల పరుగును ఏప్రిల్‌లో కాలేజీ గ్రౌండులో 7 నిమిషాల 41 సెకన్లలో, జూన్‌లో ఒక కోచింగ్ సెంటర్ వారు సున్నంతో గీసిన ట్రాక్ మీద 6 నిమిషాల 58 సెకన్లలో, ఆ తర్వాత పది రోజులకు హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో 7 నిమిషాల 22 సెకన్లలో పూర్తి చేశాడు. స్టేడియంలో గుంపు ఎక్కువై బయటి వైపునే పరుగెత్తానని చెబుతున్నాడు. కోచింగ్ వారేమో డిగ్రీ ఆపి ఏడాది పాటు హాస్టల్‌లో చేరమంటున్నారు. ఏ టైమును నమ్మి నిర్ణయం తీసుకోవాలి?

జవాబు: 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో పురుషులకు 1600 మీటర్ల పరుగు అర్హత 7 నిమిషాల 15 సెకన్లు. మీ అబ్బాయి పరుగు దానికి అటూ ఇటూగా 43 సెకన్ల తేడాతో మారుతున్నదని మీరు కంగారు పడుతున్నారు. మీ ఉత్తరం చదివాక నాకు తోచింది ఏమిటంటే, మారినది పరుగు కంటే ఎక్కువగా దాన్ని కొలిచిన పద్ధతి. అదే మనిషిని, అదే పరిస్థితుల్లో, మళ్ళీ కొలిచినప్పుడు దాదాపు అదే ఫలితం రావడాన్ని విశ్వసనీయత అంటారు. మీ దగ్గర ఉన్న మూడు ఫలితాలకు దూరమూ, నేలా, వేళా ఏదీ ఒకటి కాదు కాబట్టి వాటిని పక్కపక్కన పెట్టి పోల్చడమే కుదరదు.

ముందుగా దూరం సంగతి చూద్దాం, ఎందుకంటే చాలామంది దీన్ని అసలు అనుమానించరు. 400 మీటర్ల ప్రామాణిక ట్రాక్‌లో ఆ 400 మీటర్లు మొదటి లేన్‌లో, లోపలి అంచుకు దగ్గరగా పరుగెత్తిన వారికి మాత్రమే వర్తిస్తాయి. రెండో లేన్‌లో పూర్తి రౌండు తిరిగితే సుమారు 7 మీటర్లు అదనంగా పరుగెత్తినట్టు, అంటే నాలుగు రౌండ్లకు 28 మీటర్లు. మీ అబ్బాయి వేగంలో ఆ 28 మీటర్లకు ఏడెనిమిది సెకన్లు పడతాయి. అతడు నిజంగానే ఆసాంతం రెండో లేన్‌లో పరుగెత్తి ఉంటే, ఆ 7 నిమిషాల 22 సెకన్ల వెనుక దాదాపు 7 నిమిషాల 14 సెకన్ల పరుగు ఉన్నట్టు.

ఇక కోచింగ్ వారి ట్రాక్. సున్నంతో గీసిన ట్రాక్‌లను తరచుగా అడుగులతోనో, ఫోన్ యాప్‌తోనో కొలుస్తారు. రౌండు 400 బదులు 390 మీటర్లే ఉంటే నాలుగు రౌండ్లలో 40 మీటర్లు తగ్గుతాయి, అది సుమారు 11 సెకన్లతో సమానం. అప్పుడు 6 నిమిషాల 58 సెకన్లు కాస్తా 7 నిమిషాల 9 సెకన్లు అవుతుంది. ఆ ట్రాక్ తక్కువే ఉందని నేను అనడం లేదు. స్టీలు టేపుతోనో, కొలత చక్రంతోనో మీరే ఒకసారి కొలిపించండి, అరగంట పని. కొలవడానికి వారు ఒప్పుకోకపోతే ఆ టైమును పక్కన పెట్టేయండి.

ఏప్రిల్ నాటి ఫలితం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. మన వరంగల్ ఎండలో, ఆ నెలలో శరీరం తనను తాను చల్లబరచుకోవడానికే రక్తప్రసరణలో పెద్ద భాగం ఖర్చు చేస్తుంది, అందువల్ల దూరపు పరుగు తప్పకుండా మందగిస్తుంది. 2022 నోటిఫికేషన్‌కు సంబంధించిన దేహదారుఢ్య పరీక్షలు డిసెంబరులో, చలికాలపు వాతావరణంలో మొదలయ్యాయి. వేసవి ఫలితాన్ని బట్టి శీతాకాలపు పరీక్షను అంచనా వేయడం సరికాదు.

ఆ రోజు స్టాప్‌వాచ్ పట్టుకున్నది ఎవరు అన్న ప్రశ్న కూడా తల్లిదండ్రులు తరచుగా అడుగుతుంటారు. చేత్తో వాచ్ నొక్కడంలో వచ్చే తప్పు సెకనులో కొన్ని పదో వంతులే కాబట్టి 1600 మీటర్ల పరుగులో అది లెక్కలోకి రాదు. అదే తప్పు పాఠశాల విద్యార్థులకు ఖేలో ఇండియా మదింపులో పెట్టే 50 మీటర్ల పరుగులో చాలా పెద్దది. అసలు పరీక్షలో అభ్యర్థులకు చిప్ కట్టి టైము నమోదు చేస్తారు గనుక అక్కడ ఈ బాధ ఉండదు.

లాంగ్ జంప్, షాట్‌పుట్ విషయంలో మాత్రం కొలిచే మనిషిని గమనించాల్సిందే. కొన్నేళ్ళ క్రితం ఒక కాలేజీ గ్రౌండులో పిల్లల జంపులు కొలుస్తుంటే నేను పక్కనే నిలబడి చూశాను. టేపు మొదటి పది సెంటీమీటర్లు తెగిపోవడంతో 10 అంకె దగ్గర పట్టుకుని కొలుస్తూ, చివర ఆ పది తీసివేయడం మరిచిపోయారు. 4 మీటర్ల 5 సెంటీమీటర్లు దూకానని సంబరపడిన కుర్రవాడు నిజానికి దూకింది 3 మీటర్ల 95 సెంటీమీటర్లు. 2022లో పురుషులకు అర్హత 4 మీటర్లు. తప్పు సర్దిన తర్వాత ఆ పిల్లవాడు ఇసుకలో తన మడమ గుర్తు దగ్గర చాలాసేపు అలాగే కూర్చుండిపోయాడు, ఆ ముఖం నాకింకా గుర్తుంది. షాట్‌పుట్‌కు వాడే గుండు కూడా 7.26 కిలోలు ఉందో లేదో తూకం వేయించండి. ఎత్తు సైతం ఉదయానికీ సాయంత్రానికీ దాదాపు ఒక సెంటీమీటరు తగ్గుతుంది. 167.6 సెంటీమీటర్ల అర్హతకు అటూ ఇటూగా ఉన్నవారు సాయంత్రం కొలతను చూసి ఆశ వదులుకోకూడదు.

ఇక విద్యార్థిలోనే ఉండే కారణాలు. ముందు రాత్రి నిద్ర, తిన్న వేళ, వార్మప్ చేశాడా లేదా అన్నవి అందరికీ తెలిసినవే. అంతగా పట్టించుకోనిది వేగాన్ని పంచుకునే నేర్పు. 7 నిమిషాల 15 సెకన్లలో ముగించాలంటే ఒక్కో రౌండుకు 1 నిమిషం 48 సెకన్ల చొప్పున సమంగా పరుగెత్తాలి. కొత్తవారు మొదటి రౌండును నిమిషంన్నరలో లాగేసి మూడో రౌండుకు కుదేలవుతారు. అందుకే తొలి ప్రయత్నం కంటే రెండు, మూడు ప్రయత్నాలు నమ్మదగినవి. ఇటీవల విషజ్వరం వచ్చి తగ్గి ఉంటే నీరసం పూర్తిగా పోయేదాకా ఏ ఫలితాన్నీ లెక్కలోకి తీసుకోవద్దు. అకారణంగా ఆయాసం వస్తుంటే ముందు డాక్టరుకు చూపించి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి.

ఇప్పుడు మీరు చేయవలసింది ఇది. నాలుగైదు రోజుల ఎడంతో మూడుసార్లు, అదే స్టేడియంలో, ఉదయం 6 గంటలకు, అవే బూట్లతో, గుంపు లేని రోజున మొదటి లేన్‌లో పరుగెత్తించండి. ముందు రోజు కఠినమైన సాధన వద్దు. ప్రతి రౌండు టైమునూ కాగితం మీద రాయండి. అన్నింటిలోకీ మంచి టైమును కాక, మూడింటిలో మధ్యదాన్ని పట్టుకోండి. అది 7 నిమిషాల 5 సెకన్ల లోపు ఉంటే పరుగు గురించి దిగులు అక్కర్లేదు. 7.05కూ 7.25కూ మధ్య ఉంటే, నా అనుభవంలో, ఇంటి దగ్గరే రెండు మూడు నెలలు క్రమం తప్పకుండా సాధన చేసిన కుర్రవాళ్ళు అర్హత సాధించగలిగారు. అంతకు మించితే ఒక మంచి కోచ్ పర్యవేక్షణ అవసరమే, కానీ దానికీ డిగ్రీ ఆపనక్కర్లేదు.

ఈ ఎంపికలో పరుగు ఒక మెట్టు మాత్రమే. దానికి ముందు 200 మార్కుల ప్రిలిమినరీ, తర్వాత తుది రాత పరీక్ష ఉంటాయి. చదువు ఆపిన పిల్లలు ఎక్కువగా తడబడేది అక్కడే అన్నది నేను ఏళ్ళ తరబడి చూస్తున్న విషయం. కొత్త నోటిఫికేషన్‌లో ప్రమాణాలు మారితే వాటినే పాటించాలి. అలాగే సైన్యంలో 1.6 కిలోమీటర్లకు పూర్తి మార్కులు రావాలంటే అయిదున్నర నిమిషాలే గడువు. ఆ టైములతో పోల్చి పిల్లవాణ్ని చిన్నబుచ్చకండి.

హాస్టల్ ఫీజు కట్టే ముందు ఆ మూడు ఉదయాల కాగితాన్ని, ట్రాక్ కొలతను నాకు పంపండి. వాటిని చూసి, కోచింగ్ అవసరమా, అవసరమైతే ఎన్ని వారాలు అన్నది కలిసి నిర్ణయిద్దాం.