కార్డు చేసే ముందు ఈ ఉత్తరం చదువు

చి. నానీకి,

ఉద్యోగం మానేసి రహస్యం బయటపెట్టకుండానే మాట నిజమని రుజువు చేసే జీరో నాలెడ్జ్ ప్రూఫులను వేగంగా లెక్కగట్టే కంప్యూటర్ కార్డు చేస్తావట. మీ అమ్మ ఫోన్లో "బ్యాంకు పాస్‌వర్డుల పనేదో" అంది. సంతోషమే వేసింది. నిద్ర మాత్రం పట్టలేదు.

నీకు తెలిసినవి గబగబా అనేస్తాను. ముందు ఎఫ్‌పీజీఏ మీద, అంటే లోపలి అమరిక మళ్లీ మార్చుకోగల చిప్ మీద చెయ్యి, సొంత చిప్ జోలికి ఇప్పుడే పోకు. ప్రూఫుల గణితమే మారిపోతోంది: మొన్నటిదాకా బీఎల్ఎస్12-381 వక్రం, 381 బిట్ల అంకెలు అన్నవాళ్లే ఇప్పుడు 31 బిట్ల చిన్న అంకెలతో నడిచే బేబీబేర్ అంటున్నారు. ఎన్‌టీటీకి, అంటే బహుపదులను వేగంగా గుణించడానికి వాడే లెక్కకి, మెమరీ బ్యాండ్‌విడ్త్ (డేటా వచ్చిపోయే వేగం) చూసుకో. ఎంఎస్ఎం, అంటే వక్రం మీది ఒక్కో బిందువును ఒక్కో అంకెతో గుణించి అన్నీ కూడడం, మొత్తం సమయంలో 70 శాతం అనుకో, దాన్ని 100 రెట్లు వేగం చేసినా మిగతా 30 శాతం అలాగే ఉంటుంది గనుక ప్రూఫ్ మూడు రెట్ల పైచిలుకే వేగమవుతుంది.

నా భయం వేరు. రిటైరయ్యే ముందు ఒక కంపెనీ వాళ్ల ఎంఎస్ఎం ఇంజిన్ వెరిఫికేషన్ చూశాను. పిపెంజర్ పద్ధతే: స్కేలర్‌ను, అంటే బిందువును గుణించే అంకెను, ముక్కలు చేసి, ముక్క విలువ ఎంతైతే ఆ నంబరు బకెట్‌లో బిందువును కలపడం. ర్యాండమ్ స్కేలర్లతో కొలిచారు. బకెట్లు సమంగా నిండాయి, కూడికల పైప్‌లైన్ క్షణం ఖాళీ లేదు, డెమోలో చప్పట్లు. తర్వాత కస్టమర్ తన సర్క్యూట్, అంటే రుజువు చేయాల్సిన లెక్క, తెచ్చాడు. బిట్లన్నీ విడివిడి వేరియబుల్స్ కదా, విట్‌నెస్ (ఆ లెక్కలోని రహస్య విలువలు) నిండా సున్నాలూ ఒకట్లే. సున్నాలను వదిలేయొచ్చు. ఒకట్లన్నీ వెళ్లి ఒకటో బకెట్ మీదే పడ్డాయి. ఒకే బకెట్‌లో ముందు కూడిక పూర్తయితే గానీ తర్వాతది మొదలుకాదు. కార్డు చతికిలబడింది. అది నయం, కొన్ని జవాబులే తప్పొచ్చాయి! రెండు బిందువులను కూడాలంటే వాటి x విలువల తేడాతో భాగించాలి. బకెట్‌లో ఉన్న బిందువే మళ్లీ వస్తే ఆ తేడా సున్నా, దాంతో భాగించలేం. అక్కడ బిందువును తనతోనే కూడే డబ్లింగ్ సూత్రం వాడాలి. ర్యాండమ్ బిందువులతో ఏళ్లు నడిపినా ఆ తప్పు బయటపడదు. ఎవరూ అసలు డేటా అడగలేదు, అంతే.

నువ్వేం తక్కువా? పదో ఎక్కం అప్పజెప్పి ఎక్కాలన్నీ వచ్చేశాయనేవాడివి. పదిహేడో ఎక్కం అడిగితే నా కొంగు చాటున దాక్కునేవాడివి. ఆ ముఖమే గుర్తొస్తోందిరా ఇప్పుడూ.

కస్టమర్ విట్‌నెస్ రహస్యం అంటాడు, నిజమే. సున్నాలెన్ని, ఒకట్లెన్ని, పెద్ద అంకెలెన్ని, ఆ లెక్కయినా ఇమ్మను. అది చేతికొచ్చాకే ఆర్‌టీఎల్ (హార్డ్‌వేర్ కోడ్) రాయి.

జీతం లేని సంగతి మీ అమ్మకు నువ్వే చెప్పు, నన్నిరికించకు. టెస్ట్ ప్లాన్ పంపు, ప్రింట్ తీసి ఎర్రపెన్నుతో దిద్దుతాను. నీ ఫ్రెండ్స్ నవ్వితే నవ్వనీ.

మీ పెద్దమ్మ